ఇంటర్వెల్‌లో ఆడవాళ్ల పోటీ

“ఆడవాళ్ల విభాగాన్ని చంపింది మీరే,” అని కుస్తీ షో చూడ్డానికొచ్చిన దర్జీ అక్క కంపెనీ మేనేజరు ముఖం మీదే అనేసింది. ఆ విభాగాన్ని ఈ నెలతో ఎత్తేస్తున్నామని ఇప్పుడే మైకులో చెప్పారు. అప్పటినుంచి ఆమెకు కాలు నిలవడం లేదు.

“చూసేవాళ్లేరమ్మా? వాళ్లు రింగులోకి దిగగానే కుర్చీలన్నీ ఖాళీ,” అన్నాడు మేనేజరు.

“ఖాళీ కాక ఏం చేస్తాయి? ప్రతి షోలోనూ వాళ్లని ఇంటర్వెల్‌లోనే దింపుతారు. జనమంతా బాత్రూముల ముందు వరుస కడతారు. నేనే బిగబట్టుకుని కూర్చుంటాను.”

వెనక వరుసలో నవ్వులు లేచాయి. పక్కనే ఉన్న ఆమె తమ్ముడు చెయ్యి లాగాడు. “పద అక్కా, పరువు తీయకు.”

“నువ్వూ అప్పుడే లేచి బయటికెళ్తావు కదరా, నోర్ముయ్.”

ఆమె మేనేజరుకు అడ్డంగా నిలబడింది.

“ఎత్తేసే ముందు ఈ నెలాఖరు పెద్ద షోలో, జనమంతా ఆగి చూసే ఆఖరి పోటీ వాళ్లకివ్వండి. ఆ మాట ఇప్పుడే, ఆ మైకులోనే చెప్పండి.”