రెండో దుంప

ఆ దీవి పల్లెలో పెలెనాతో అనే ముసలాయన సీమపనస చెట్టుకు వేలాడే ఖాళీ గ్యాసు బండ మీద ఇనుప కడ్డీతో ఇరవై దెబ్బలు వేసి, చెవిలో వేలు పెట్టి ఆడించుకున్నాడు. చర్చికి అదే గంట. ముప్పయ్యేళ్ల పని. కుడి చెవి దానికే పోయింది. లుంగీ కింద మోకాళ్లు వాచి ఉన్నాయి. ఈ ఆదివారం మనిషి కుదురుగా లేడు. మనవరాలికి ఈరోజే బాప్తిస్మం. ఎత్తుకుని నిలబడాల్సింది తాతే.

ఆ చేతులతోనే పదకొండేళ్లుగా రోజూ పొద్దున్నే ఊటగుంటలోని ముసలి మలుగుచేపకు చేమదుంప తినిపిస్తున్నాడు. కూతురు రూతాకు జ్వరమొస్తే చర్చిలో మూడు రోజులు మోకరిల్లాడు. జ్వరం దిగలేదు. నాలుగో రోజు, తాతలు దేవుడిగా కొలిచిన మలుగుకు మొక్కాడు. దిగింది. అప్పటినుంచి దేవుడికి గంట, మలుగుకు ప్రార్థన. చర్చిలో పెదవులు ఊరికే కదిపేవాడు. ఎంత సిగ్గుమాలిన పని!

ఈ ఉదయం మలుగు తల పైకెత్తి చూసినా అతను గుంట దగ్గర ఆగలేదు. ఇప్పుడు భార్య కట్టిచ్చిన దుంపల మూట కడ్డీ పక్కనే వదిలేసి, పెట్టెలోంచి తెచ్చిన మొగలి ఆకుల మేలిచాప నెత్తిమీదుగా కప్పుకుని చర్చి గుమ్మం ముందు కూర్చున్నాడు. అక్కడి ఆచారం ప్రకారం ద్రోహం చేసినవాడు ఎవరికి చేశాడో వాళ్ల గుమ్మం ముందు అలా కూర్చోవాలి. ఇంటివాళ్లు వచ్చి చాప తీస్తే క్షమించినట్టు. తీయకపోతే కూర్చోవడమే.

తెల్లబట్టల్లో జనం వచ్చి మూగారు.

“ఎవరింటికి తప్పు చేశావు పెద్దాయనా?” అన్నారు పాస్టరుగారు.

“ఈ ఇంటాయనకే.”

మలుగు సంగతి గుసగుసగా చెప్పాననుకున్నాడు. చెవిటివాడు కదా, ఊరంతా విన్నది.

పాస్టరుగారు తల గోక్కున్నారు. “ఆయన బదులు చాప తీయడానికి నేనెంతటివాణ్ణి? ముందు లేచి రెండో గంట కొట్టు, ఆరాధన మొదలెడదాం.”

“క్షమించందే ఎలా లేస్తానండీ?”

“గంట కొట్టందే ఆరాధన ఎలాగయ్యా?”

“బాగుంది సంబడం!” అందొక ముసలమ్మ. “మీరిద్దరూ ఇలాగే తేల్చుకుంటుంటే మా ఇంట్లో పంది మాడి బొగ్గవుతుంది.”

అందరూ నవ్వారు. అతను మాత్రం చాప ఇంకాస్త ముందుకు లాక్కున్నాడు. క్షమాపణ లేకుండా ఆ పసిబిడ్డను ముట్టుకోలేడు.

అతని భార్య సూలియా మనవరాల్ని చంకనేసుకుని ముందుకొచ్చింది.

“ఓ ముసలోడా! రోజూ మూటలో రెండు దుంపలెందుకు కట్టాననుకున్నావు? నీకు ఒకటి చాలదూ?”

చాప కిందనుంచి సన్నగా వినబడింది: “నీకు తెలుసా?”

“తెలీక! ఆ నీచువాసన నేనేగా ఉతికేది? ఒకటే కడితే నీ నోటి కాడిది దానికి పెట్టి పస్తుంటావు. నేనే ఇంత ఓర్చుకున్నానే, నన్ను పుట్టించినాయన ఓర్చుకోడా? లే! పిల్ల నన్ను తడిపేస్తోంది.”

ఒక్క గుంజు గుంజింది. చాప ఆమె చేతికొచ్చింది. వెలుతురుకు కళ్లు చికిలించి, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ నవ్వాడు ముసలాయన. ఆమెను ఆపడం పాస్టరుగారికి తోచలేదు, ఆయనా కళ్లు తుడుచుకుంటున్నారు.

రెండో గంట ఆ రోజు ఎన్ని దెబ్బలు మోగిందో ఎవరికీ తెలియదు. బిడ్డను ఎత్తుకుని, పదకొండేళ్ల తర్వాత నోరారా, ఊరు దద్దరిల్లేలా ప్రార్థించాడు. ఇంత సంతోషం తన ఒంట్లో పడుతుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

మధ్యాహ్నం పంది మాంసం, కొబ్బరిపాల చేమాకు కూర కడుపునిండా తిని, అదే మేలిచాప పరిచి పడుకున్నాడు. “గంట వేళకు లేపు,” అన్నాడు సూలియాతో. ఆమె వేళకే లేపింది. అతను లేవలేదు. మొహం మీద పొద్దుటి నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

ఆ సాయంత్రం గంట తనే కొడదామని సూలియా సీమపనస చెట్టు కిందికి వెళ్లింది. కడ్డీ మానుకు ఆనించి ఉంది. దాని పక్కన, ముడి విప్పని అరటాకు మూటలో, రెండు దుంపలు.