ఇద్దరి వేళ్ళూ ఒక్కచోటే

"ఒకే వీపును ఇద్దరు తడిమితే నొప్పి రెండు చోట్ల ఉందంటారు. ఈ చేతిపరీక్షంతా ఒట్టిదే" అన్నాడు షానవాజ్. బ్రాడీపేట క్లినిక్‌లో తోటి ఫిజియోథెరపిస్టు అలా అనేసరికి హారికకు ఒళ్ళు మండింది.

అప్పుడే వచ్చిన మిర్చియార్డు హమాలీ బాపయ్యను బోర్లా పడుకోబెట్టి, "చెప్పేదాకా నోరు విప్పొద్దు బాబాయ్" అంది. వీపంతా తడిమి, గట్టిగా తగిలిన చోట స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టింది. అంతసేపూ అటు తిరిగి నిలబడ్డ షానవాజ్ కళ్ళకు తువ్వాలు కట్టి, "ఇక నువ్వు చూడు" అంది. అతని వేళ్ళు వెతికి వెతికి సరిగ్గా ఆ చుక్క మీదే ఆగాయి.

హారిక ఎగిరి గంతేసింది. "చూశావా! వెంట్రుకవాసి తేడా లేదు!"

"ఇక మాట్లాడొచ్చా అమ్మా?" అన్నాడు బాపయ్య. "అది మిర్చి బస్తాలు మోసీ మోసీ కాయకాసిన చోటు. నొప్పి అవతలి పక్కనమ్మా."