ఘాటు పోయిన మిల్లు

దశరథరామయ్యగారు పోయిన రోజు నుంచి ఆయన కారం మిల్లులో మిరపకాయలకు ఘాటు పోయింది. బస్తాలు విప్పినా, మర తిప్పినా ఒక్కరూ తుమ్మలేదు. మూడో రోజుకు కూలీలు భయపడి పనిలోకి రావడం మానేశారు. జగ్గయ్యపేటంతా అదే మాట.

పదిహేడేళ్ల తస్లీమ్‌కు అంతకన్నా పెద్ద భయం ఉంది. మర గదిలో ఆయన ఊపిరాడక చనిపోయిన రోజు పొద్దున, లోడు ఆలస్యమైందని ఆయనతో గొడవపడిన లారీ డ్రైవర్ జాన్‌బాషా ఆమె తండ్రి. చంపింది అతనేనని నిన్న పోలీసులు పట్టుకెళ్లారు. ఇవాళ నాలుగింటికి నందిగామ కోర్టుకు తీసుకెళ్తారు.

తస్లీమ్ మిల్లు పక్కనే ఉన్న ఇంటికి పరుగెత్తుకొచ్చి, పోయినాయన భార్య తిరుపతమ్మ ముందు నిలబడింది.

"మా నాన్న అలాంటోడు కాదని ఒక్క మాట చెప్పండమ్మగారూ."

"నేను చూశానటే? ఏమని చెప్పను?"

అప్పుడే మిల్లులో తొడిమలు తీసే పుల్లమ్మ నిప్పుల బొచ్చెతో వచ్చింది. "ఇది దిష్టేనమ్మా. దిష్టి ఉంటే మిరపకాయకు ఘాటుండదు. ఎవరికుందో తీసి చూస్తా."

ఇంట్లోని మిరపకాయలు తిరుపతమ్మకు దిగదుడిచి నిప్పుల్లో వేసింది. వసారా అంతా ఒకటే దగ్గు. ఆమెకు దిష్టి లేదన్నమాట.

"నువ్వూ రావే పిల్లా, మీ అయ్య పాపం నీకంటిందేమో చూద్దాం!"

దిగదుడిచి వేసిన మిరపకాయల ఘాటుకు తస్లీమ్‌కు కళ్లవెంట నీళ్లు కారిపోయాయి. "సచ్చేట్టున్నావు, ఇంక పో!" అంది పుల్లమ్మ.

చివరికి తిరుపతమ్మ తమ్ముడు చెన్నకేశవరావు మిగిలాడు. బావతో కలిసి మిల్లు నడిపేవాడు. "నాకెందుకే ముసలిదానా? నేనేమన్నా పెళ్లికొడుకునా?" అని నవ్వుతూనే కూర్చున్నాడు.

మిరపకాయలు చిటపటలాడలేదు. వాసన లేదు. అలాగే నల్లబడిపోయాయి.

"ఎంత దిష్టి తగిలిందిరా నాయనా!" అంటూ తిరుపతమ్మ ఏడ్చింది.

పుల్లమ్మ ఇంకో గుప్పెడు వేసింది. ఈసారి పొగ లేచింది. పైకి పోలేదు, చెదరలేదు. దారంలా సాగి చెన్నకేశవరావు ముఖం మీదికే వెళ్లింది. అతనికి దగ్గు తెర పట్టుకుంది. పక్కనే ఉన్నవాళ్లెవరికీ ముక్కయినా చుర్రుమనలేదు. కళ్లు ఎర్రబడి, ఎదురుగా ఎవరో నిలబడ్డట్టు చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

"బావా, వద్దు! తీస్తా, గడియ తీస్తా!"

తస్లీమ్ ఒక అడుగు ముందుకేసి అడిగింది.

"ఏ గడియండీ? మర గది తలుపు బార్లా తీసుందనే కదా మీరు పోలీసులకు చెప్పింది?"

అతను ఆమె వైపు చూడలేదు. "కారంలో రంగు కలిపితే ఊరందరికీ చెప్తానన్నావు. అందుకే బయట గడియ పెట్టా. కారం దుమ్ములో ఊపిరాడక, మర ఆపమని తలుపు కొట్టావు, కొట్టావు... నేను ఆపలేదు బావా!"

పొగ చప్పున నేలకు దిగిపోయింది. అతను అక్క కాళ్ల మీద పడ్డాడు. "అక్కా, ఏదో గాలి నాచేత పలికించింది. ఎవరితో అనకే!"

పొగ సంగతి తను చెబితే స్టేషన్‌లో నవ్వుతారని తస్లీమ్‌కు తెలుసు. తల్లి పోయాక ఒళ్లో పెట్టుకుని పెంచిన తమ్ముడు ఒప్పుకున్న మాట తిరుపతమ్మే చెబితేనే నమ్ముతారు. అలాంటి మాట ఏ అక్క నోటి నుంచి వస్తుంది?

తిరుపతమ్మ చాలాసేపు తమ్ముడి తల నిమిరింది. తర్వాత కాళ్లు విడిపించుకుని లేచింది.

"పదకొండో రోజు దాకా గడప దాటకూడదమ్మా! దోషం!" పుల్లమ్మ అడ్డొచ్చింది.

దీపం పెట్టని దేవుడి గది వైపు చూసి తిరుపతమ్మ అంది: "దోషమో కాదో ఆ స్వామి తర్వాత చెబుతాడు. టైమెంతయిందే?"

"మూడున్నరమ్మగారూ."

చెప్పులైనా వేసుకోకుండా ఎండలోకి దిగింది. వెనక తమ్ముడు "అక్కా! అక్కా!" అని పిలుస్తూనే ఉన్నాడు. ఆమె తస్లీమ్ చెయ్యి పట్టుకుని స్టేషన్ వైపు ఇంకా వడివడిగా నడిచింది.