సాయంత్రం వచ్చే మనిషి

మా మేనత్త పుస్తకాల బైండింగు షాపులో పనిచేసేది. షాపు వెనక వీధిలో మేడమీద ఒక గది, అందులో ఆవిడ ఒక్కతే. పెళ్ళి వద్దనుకుంది, అంతే. ఎందుకు వద్దనుకుందో వెతికే పని చుట్టాలు తీసుకున్నారు.

ఒకరోజు, గది రెండో తాళంచెవి దాచే కింది వాటావిడ మా నాన్న చెవిన ఓ మాట వేసింది. మీ చెల్లెలు రోజూ పొద్దున్నే బల్ల తుడిచి, మంచి కప్పు పెట్టి, ఉతికిన దుప్పటి పరిచి పనికి వెళ్తోంది, సాయంత్రాలు ఎవరో వస్తున్నట్టున్నారు అని. నిప్పు లేనిదే పొగ రాదన్నాడు నాన్న. ఎవరైనా వస్తుంటే పరువు పోతుంది, గది ఖాళీ చేయించాలి. ఎవరూ లేకపోతే ఒంటరి బతుకెందుకు, మనింటికి తెచ్చేయాలి. ఎటు తిరిగీ ఆ గదికి మూడింది. సంగతి కనుక్కు రమ్మని నన్ను పంపాడు.

నాకూ ఆ మనిషిని చూడాలని మహా కుతూహలం. తాళం తీయించుకుని కూర్చున్నాను. కుర్చీ మీద మడతపెట్టిన తువ్వాలు, బల్ల మీద బోర్లించిన కప్పు, పక్కనే సగం చదివిన పుస్తకం. మెట్ల మీద చప్పుడైతే తలుపు వైపు తిరిగాను. వచ్చింది అత్తే, వేళ్ళనిండా జిగురుతో.

ఎవరి కోసమత్తా ఇదంతా అని అడిగాను.

"నా కోసమేనే. పొద్దున ఓపికుంటుంది. సాయంత్రానికి ఒళ్ళు హూనమై వస్తాను. అలిసొచ్చిన మనిషికి ఎవరో ఒకరు అన్నీ సిద్ధంగా పెట్టాలా వద్దా? ఆ పెట్టేదేదో నేనే పెడుతున్నాను."

ఇంకో కప్పు తీసి నాకూ టీ పోసింది. ఆ గది పోకూడదని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది.

ఇంటికొచ్చి నాన్నతో, "ఉన్నారు నాన్నా. అత్తని మనకంటే బాగా చూసుకుంటున్నారు" అన్నాను.

ఆయన మొహం కందగడ్డయింది. మర్నాడు సాయంత్రం తాడో పేడో తేల్చుకుంటానని వెళ్ళాడు. పొద్దుపోయాక వచ్చాడు. చెప్పులు విడుస్తూ అమ్మతో, "దాన్నక్కడే ఉండనీ. టీ బాగా పెడుతోంది" అన్నాడు. ఆ తర్వాత వీలున్నప్పుడల్లా వెళ్ళి తాగొచ్చేవాడు.

ఇప్పుడు అత్త లేదు. నేనూ ఒక్కదాన్నే ఉంటున్నాను, ఆ కప్పుతో. ఇవాళ పొద్దున ఆలస్యమై అన్నీ వదిలేసి పరిగెత్తాను. సాయంత్రం తలుపు తీస్తే ఎంగిలి కప్పు అలాగే ఉంది. అత్త మీద బెంగతో కూలబడి ఏడ్చాను. కాసేపటికి లేచి, బల్ల తుడిచి, కప్పు కడిగి బోర్లించి పెట్టాను. రేపు సాయంత్రం ఆ మనిషి అలిసిపోయి వస్తుంది, పాపం.