నిమ్మాకు పురుగు

పక్షవాతం వచ్చిన మనిషికి అన్నం తినిపించడమంటే ఏమిటో చేసేవాళ్లకే తెలుస్తుంది. ఎండాకాలంలో మా ఆయన గుర్వయ్యకు కుడిపక్క పడిపోయింది. మాట కూడా పోయింది. నల్లమలలో గొర్రెల వెంట బతుకంతా తిరిగినవాడు ఇంటిముందు రేకుల కింద మంచంలో పడ్డాడు. ముద్ద పట్టుకుంటే పళ్లు బిగించేవాడు. తినకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాలని డాక్టరు చెప్పాడు. ఆ మాట వింటే ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగేవి. నాకు జాలికన్నా విసుగే ముందొచ్చేది, అబద్ధమెందుకు.

వానలు పడ్డాక మంచం పక్కనున్న నిమ్మచెట్టుకు ఒక నల్ల సీతాకోకచిలుక రావడం మొదలుపెట్టింది. రెక్కల మీద తెల్లమచ్చల వరుస. అడవి వాగుల దగ్గర తిరిగే రకం. ఎండెక్కాక వచ్చి, లేతాకు మీద కాలు ఆనించి చూసేది. నచ్చితే ఒంటి కొస వంచి ఒక్క గుడ్డు పెట్టి, ఇంకో ఆకు వెతుక్కునేది. నచ్చకపోతే వెళ్లిపోయేది. ఆయన కళ్లు దాని వెంటే తిరిగేవి. అలా చూస్తూ చూస్తూ నోరు కాస్త తెరిచేవాడు. నేను ఆ సందు చూసి ముద్ద పెట్టేసేదాన్ని. మోసమే. కానీ నాలుగు ముద్దలు లోపలికి పోయేవి.

గుడ్లు పురుగులయ్యాయి. మొదట పిట్టరెట్టలా ఉండేవి, తర్వాత పచ్చగా మారాయి. కొడుకు శివకృష్ణ ఫొటో తీసి పురుగుమందుల దుకాణమాయనకు పంపాడు.

“చెట్టంత బోడి చేస్తున్నయమ్మా. రేపు మందు కొడ్త.”

“చెట్టు పోతే పోనియ్ బిడ్డా. గవి తింటుంటెనే మీ నాయిన తింటుండు.”

పిట్టలు ఎత్తుకుపోగా ఒక్కటి మిగిలింది. ఒక పొద్దున అదీ కనిపించలేదు. ఆయన చెట్టంతా కళ్లతో వెతికి, మళ్లీ పళ్లు బిగించాడు. మర్నాడూ అంతే. నేను నడుం పట్టుకుని కుండల వెనక, మంచంకోళ్ల కింద వెతికాను. పురుగును తిట్టాను, ఆయన్ను తిట్టాను, నా రాతను తిట్టాను. చివరికి గోడకు ఆనించిన ఆయన గొర్రెల కర్ర మీదే దొరికింది. నడుముకు సన్నని దారం చుట్టుకుని, గూడై కూర్చుంది.

కర్ర తెచ్చి మంచం పక్కన నిలబెట్టాను. “గిదిగో, నిద్రపోతాంది. లేచేదాక జర తిను.” నోరు తెరిచాడు.

కొన్నాళ్లకు ఊడుస్తుంటే గూటికే ఒక పక్క చిన్న బొక్క కనిపించింది. సన్నని కందిరీగ ఒకటి అందులోంచి బయటికొచ్చి, రెక్కలు తుడుచుకుని ఎగిరిపోయింది. పురుగును లోపలే తినేసిందన్నమాట. మళ్లీ పళ్లు బిగిస్తాడు, మళ్లీ గొట్టం మాట. బొక్క గోడవైపు పోయేలా కర్ర తిప్పేశాను.

“ఇంక లేవలేదా?” అని నేనే పైకి అనేదాన్ని. ఆయన గూడు వైపు చూసేవాడు, తినేవాడు. ఒక్క పూట కూడా మానలేదు.

నిన్న పళ్లెం తెచ్చేసరికి ఆయన ఎడమచేత్తో కర్రను తిప్పుతున్నాడు. బొక్క నావైపు వచ్చింది. దాని మీద బొటనవేలు పెట్టి నన్ను చూశాడు. ఆ చూపులో ఆశ్చర్యమేమీ లేదు.

“ఎప్పటిసంది ఎరుక నీకు?”

ఆయన చెయ్యి ఎత్తి, పొద్దున్నే నేను ఊడ్చే చోటు చూపించాడు. అంటే ఆ రోజు కందిరీగను ఆయన కూడా చూశాడు.

“మరి గిన్నొద్దులు ఎవలికోసం తిన్నవయ్యా?”

ఆయన పళ్లెంలో చెయ్యి పెట్టాడు. ఎడమచేత్తో, సగం మెతుకులు దుప్పటి మీద రాలుతుంటే, ముద్ద కలిపి నా నోటి దగ్గరికి తెచ్చాడు. ఏడుపు ఆపుకోవడానికి నేను పళ్లు బిగించాను.

ఆయన చెయ్యి దించలేదు. నేను నోరు తెరిచేదాకా అలాగే పట్టుకుని ఉన్నాడు.