బంగారు నాలుక మెచ్చిన రుచి

మా ఇంటి ఎర్ర డ్రింకుకి అరవై ఏళ్ళు నిండుతున్నాయి కాబట్టి దాని పుట్టుక గురించి ఒక పుస్తకం వేయాలని బాబాయికి బుద్ధి పుట్టింది. ఫ్యాక్టరీ ఆయనది, ఉత్సాహం ఆయనది, చాకిరీ మాత్రం నాది. "హిస్టరీ చదివావు కదా, నీ చదువు ఊరికే పోకుండా ఉంటుంది" అన్నాడు. ఉద్యోగం లేని మనిషిని ఇంతకంటే మర్యాదగా ఎవరూ తిట్టలేరు.

చుట్టాల ఇళ్ళన్నీ తిరిగాను. ప్రతి ఇంట్లోనూ ఒక పెద్దాయన కాళ్ళు చాపుకుని కూర్చుని, మీ తాతయ్య కలిపిన మొట్టమొదటి సీసా తాగింది నేనేనంటూ కోతలు కోశాడు. వాళ్ళందరూ తాగారంటే అది సీసా కాదు, ట్యాంకర్ అయ్యుండాలి. తాతయ్య మందుల షాపులో పనిచేసేవాడనీ, సాయంత్రాలు షాపు వెనక గదిలో రంగులూ పాకాలూ కలుపుతూ కూర్చునేవాడనీ మాత్రం అందరూ ఒప్పుకున్నారు. కొత్తగా కాపురానికి వచ్చిన నాన్నమ్మ ఒక్క గుక్క తాగి తల ఊపిందట. ఆ తలూపుతోనే వ్యాపారం మొదలైందట.

అప్పటి నుంచి ఆవిడ పేరు బంగారు నాలుక. లేబుల్ మీద కూడా 'బంగారు నాలుక మెచ్చిన రుచి' అని అచ్చేశారు. ఇప్పటికీ రోజూ పొద్దున్నే పాకం గదిలో, స్టీలు డ్రమ్ముల పక్కన, ఆవిడకో కుర్చీ వేస్తారు. పాకం మాస్టారు చెంచా అందిస్తాడు. ఆవిడ చప్పరించి, కళ్ళు మూసుకుని, తల ఊపుతుంది. అంతవరకూ గ్యాస్ కలిపే మిషను మీద ఎవడూ చెయ్యి వెయ్యడు. ల్యాబులో తెల్లకోటు అమ్మాయి ఒకతి ఉంది గానీ, ఆ పిల్ల కూడా రిపోర్టు రాసేముందు నాన్నమ్మ తల వైపే చూస్తుంది.

పుస్తకంలో మొదటి అధ్యాయం ఆ గుక్కే కావాలి కదా. పాకం గదిలోనే ఆవిడని పట్టుకున్నాను.

"ఎలా అనిపించింది నాన్నమ్మా ఆ రోజు?"

"బాగుంది."

"బాగుందంటే? తీపా, పులుపా, ఘాటా?"

"బాగుందన్నానుగా. బుర్ర తినకు."

ఇంతలో క్యాంటీన్ నుంచి టీ వచ్చింది. నేనొక గుక్క తాగి కిటికీలోంచి ఊసేశాను. చక్కెర అనుకుని ఉప్పు దట్టించాడు మహానుభావుడు. నాన్నమ్మ అప్పటికే గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుంటోంది.

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసి, "తలుపు వెయ్యి" అంది.

చిన్నప్పుడు ఏదో జ్వరం వచ్చి తగ్గాక నాలుకా ముక్కూ రెండూ మొద్దుబారాయట. అప్పటి నుంచి ఏం తిన్నా తడి అట్ట ముక్క నమిలినట్టే ఉంటుందట.

"మరి తాతయ్యకి చెప్పలేదా?"

"పెళ్ళప్పుడు నాలుక గురించి ఎవరూ అడగలేదే. చెబుదాం చెబుదాం అనుకుంటుండగానే ఆయన గ్లాసు పట్టుకొచ్చాడు. అప్పటికి తాగినవాళ్ళందరూ మొహం చిట్లించి పోయారు. ఆయన మొహం చూడాలి నువ్వు, పాపం, ఇంతయిపోయింది. తల ఊపాను."

ఆవిడ వంటలో ఒకరోజు ఉప్పు ఎందుకుండదో, మర్నాడు ఉప్పు తప్ప ఇంకేమీ ఎందుకుండదో నాకు అప్పుడు తెలిసింది. పడీ పడీ నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"చెప్పకే ఎవరికీ. ఈ కుర్చీ పోతే ఇక నేనెవర్నే? మందులేసుకున్నావా, పడుకున్నావా అని అడగడానికి తప్ప నాతో ఎవరికీ పనుండదు."

నా నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే అరవై ఏళ్ళ సభలో బాబాయి పెట్టుకున్న అసలు కార్యక్రమం నాకు తెలుసు. డీలర్ల ముందు, పేపరువాళ్ళ ముందు నాన్నమ్మ కళ్ళకు గంతలు కట్టి, ఐదు కంపెనీల డ్రింకులు తాగించి, మనదేదో చెప్పించడం. వద్దని బాబాయి వెనకాల తిరిగి చెప్పాను. ఆవిడకి షుగరన్నాను, ఆయాసమన్నాను. "ఐదు గుక్కలకి ఏం కాదులే" అన్నాడు.

ఇక ఒకటే దారి. "మనది తాగినప్పుడు నేను దగ్గుతాను. అదే మనదని చెప్పెయ్" అన్నాను నాన్నమ్మతో. ఆవిడ చాలా శ్రద్ధగా తల ఊపింది.

సభ రోజు లారీలు లోడు చేసే ఆవరణలో షామియానా వేశారు. నేను ముందు వరసలో గొంతు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. తీరా చూస్తే, ఎవరికీ అనుమానం రాకూడదని బాబాయి అన్ని డ్రింకుల్లోనూ ఒకే ఎర్రరంగు కలిపించి, తెర చాటున పోయించాడు. బల్ల మీదికి వచ్చిన ఐదు గ్లాసులూ ఒక్కలాగే ఉన్నాయి. వాటిలో మనదేదో నాకు తెలిస్తే కదా దగ్గడానికి! 

నాన్నమ్మ మొదటిది తాగింది. రెండోది తాగింది. గంతల వెనక నుంచే నా వైపు చెవి తిప్పింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఐదోది కూడా తాగి, గ్లాసు పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"వీటిలో మనది లేదు" అంది.

 అయిపోయాం అనుకుని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బాబాయి మొహంలో నెత్తురుచుక్క లేదు.  మైకు చేతిలో పట్టుకునే ఆవిడ కుర్చీ దగ్గర కూలబడ్డాడు.

"క్షమించమ్మా. ఖర్చు కలిసొస్తుందని, నీ చెంచాకి పాత పాకమే ఇప్పించి, పోయిన నెల నుంచి డ్రమ్ముల్లో చక్కెర తగ్గించి ఏదో పొడి కలిపిస్తున్నాను. ల్యాబు కూడా పట్టుకోలేదు. నువ్వు పట్టుకుంటావనుకోలేదు."

మైకు ఆపడం మరిచిపోయాడు. డీలర్లు నోరెళ్ళబెట్టారు. పేపరతను కుర్చీ ఎక్కి ఫొటో తీశాడు. ఒక్క పాకం మాస్టారు మాత్రం తలొంచుకుని మెల్లగా గేటు వైపు నడిచాడు. రేపటి నుంచి చక్కెరే వాడతానని బాబాయి అందరి ముందూ ఒట్టేశాడు. నాన్నమ్మ ఆయన నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, మహారాణిలా లేచింది.

పాకం గదిలోకి రాగానే తలుపేసి అడిగాను. "అంత ధైర్యంగా ఎలా చెప్పావు నాన్నమ్మా?"

"ధైర్యమేముందే? నువ్వు దగ్గలేదుగా" అంది.

 ఆవిడ తన కుర్చీలో సర్దుకుని కూర్చుని, బయట మిషను చప్పుడు కాసేపు విన్నది.

"ఒక్కటి అడుగుతాను, అబద్ధం చెప్పకు. అసలెలా ఉంటుందే మన డ్రింకు?"

పుస్తకం కోసం దాని మీద ఒక పేజీ నిండా పొగడ్తలు రాసి ఉంచాను. వాటిలో ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు.

"దగ్గుమందులో సోడా పోసినట్టుంటుంది నాన్నమ్మా. చిన్నప్పటి నుంచి తాగుతున్నాం కాబట్టి ఎవరికీ తెలియదు."

ఆవిడ గోడ మీదున్న తాతయ్య ఫొటో వైపు కూడా చూడలేదు, ఖాళీ చెంచాని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

"పోనీలే. తెలిసినా తలే ఊపేదాన్ని" అంది.