మేనమామ ఫోటో

నేను కెనడాలోని ఒషావాలో పుట్టాను. పేరు జోసెట్. మా నాన్న కరీబియన్‌లోని గ్రెనడా దీవి నుంచి వచ్చి ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో రంగులు వేసే పనిలో కుదిరాడు. మా ఆయన చక్రధర్‌ది తెనాలి. మా పెళ్ళయిన కొత్తలో అత్తగారు హైమావతిగారు వచ్చి కొన్నేళ్ళు మాతో ఉన్నారు. ఇంగ్లిష్ నేర్చుకునేది లేదని ఆవిడ భీష్మించుకు కూర్చున్నారు. ఆవిడతో పోట్లాడాలంటే నేనే తెలుగు నేర్చుకోవలసి వచ్చింది. అందుకే నా తెలుగులో దెబ్బలాట ముందు వచ్చింది, మర్యాద తర్వాత వచ్చింది.

ఇప్పుడు ఆవిడ వాంకూవర్ పక్కన సర్రీలో మా మరిది రంగనాథ్ ఇంట్లో ఉంటున్నారు. మా ధాత్రికి పన్నెండు నిండాయి, రంగనాథ్ కూతురు వర్షిణికీ అదే ఈడు. ఇద్దరికీ కలిపి మార్చి సెలవుల్లో ఓణీల ఫంక్షన్ చేద్దామని తోడికోడలు దమయంతి ఫోన్ చేసినప్పుడు నాకు నిజంగానే సంతోషమేసింది. మా వైపు ఇలాంటి వేడుక లేదు. పెద్దదవుతున్న ఆడపిల్లకి కొత్త బట్టలు కట్టి, పీట మీద కూర్చోబెట్టి, నువ్వు మా పిల్లవని పదిమంది ముందు చెప్పడం నాకు నచ్చింది. బయట లోకం మా నల్లపిల్లలకు ఆ మాట చెప్పదు.

"ఓణీ మేనమామ పెట్టాలి కదక్కా. వర్షిణికి మా అన్నయ్య కోదండరామ్ పెడతాడు. ధాత్రికి కూడా ఆయన్నే పెట్టమందామా?" అంది దమయంతి.

ధాత్రికి మేనమామ ఉండేవాడు. లెనక్స్, నా తమ్ముడు. కాలేజీలో ఎలక్ట్రీషియన్ కోర్సు పూర్తి చేసి పట్టా పుచ్చుకున్న ఏడాదే పోయాడు. స్నేహితుడి ఇంటి ముందు కారు దిగుతుంటే ఎవరో ఎవరినో కాల్చబోయారు, గుండు వీడికి తగిలింది. మర్నాడు పేపరు నుంచి ఒకతను ఇంటికి వస్తే మా అమ్మ పట్టా పుచ్చుకున్ననాటి ఫోటో ఇచ్చింది. నల్ల గౌను, పక్కకి జారిన టోపీ, నోరంతా తెరిచిన నవ్వు. అతను రెండు చేతులా తీసుకుని, చాలా బాగున్నాడమ్మా అన్నాడు. పేపర్లో వచ్చింది మాత్రం అది కాదు. ఎప్పుడో ఎవరి పుట్టినరోజుకో హుడీ వేసుకుని, కళ్ళు చిట్లించి, కెమెరా వైపు వేళ్ళు ఆడించిన ఫోటో ఒకటి ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకొచ్చి వేశారు. అది చూసినవాళ్ళకి ఎవరు ఎవరిని కాల్చారో వార్త చదవక్కర్లేకుండానే అర్థమైపోయింది. తప్పుగా అర్థమైంది, అంతే.

మా అమ్మ ఆ పేపరువాళ్ళకి రోజూ ఫోన్ చేసేది. కోపంగా కాదు, ఎంతో మర్యాదగా. నా కొడుకు ఫోటో మార్చండి, నేనిచ్చింది వేయండి. కొన్నాళ్ళకి వాళ్ళు ఎత్తడం మానేశారు. అమ్మ పోయేదాకా ఆ టోపీ ఫోటో మా హాల్లోనే ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ దాని ముందు నిలబెట్టి, వీడు నా కొడుకు, సరిగ్గా చూడండి అనేది.

"ఓణీ మీ అన్నయ్యనే పెట్టమను. పెట్టేటప్పుడు పక్కన మా తమ్ముడి ఫోటో ఉండాలి," అన్నాను దమయంతితో.

"పక్కన ఎందుకక్కా? ఎల్ఈడీ స్క్రీన్ మీదే వేయిద్దాం, పెద్దగా. వచ్చినవాళ్ళంతా చూస్తారు," అంది.

ఆ మాటకి ఫోన్ పట్టుకునే ఏడ్చాను. అమ్మ వల్ల కానిది నా వల్ల అవుతోందనుకున్నాను. మేనమామ ఎవరో, ఎలా ఉండేవాడో నా కూతురు పదిమందిలో తలెత్తి చూస్తుంది. ఆ ఫంక్షన్‌లో నాకు కావలసింది అదొక్కటే. ఫోటో జాగ్రత్తగా స్కాన్ చేయించి, వీడియో తీసే తారక్ అనే అబ్బాయికి పంపాను.

ప్రయాణాలకి నాకొక పద్ధతుంది, అమ్మ నేర్పినది. ఇస్త్రీ బట్టలు వేసుకోవాలి. గొంతు పెంచకూడదు. అడిగే కాగితం అడక్కముందే చేతిలో ఉండాలి. చిన్నప్పుడు నయాగరా వెళ్తుంటే వెనక పోలీసు కారు కనబడగానే నాన్న రేడియో కట్టేసేవాడు, మేం పాట మధ్యలో నోరు మూసుకునేవాళ్ళం. చక్రధర్ నలిగిన టీషర్టుతో, నిద్ర ముఖంతో విమానం ఎక్కుతాడు. ఆయన్నీ అప్పుడప్పుడు పక్కకి తీసి సోదా చేస్తారు గానీ, కాఫీ తాగేలోపు ఆయన మర్చిపోతాడు. నేను మర్చిపోలేను. ఈసారి టొరంటోలో మా వరస పిలిచినప్పుడు గేటు దగ్గరి మనిషి తండ్రీకూతుళ్ళిద్దర్నీ పంపించి, మీ వంతు వచ్చేదాకా ఆగండని నాకు చెయ్యి అడ్డం పెట్టింది. ధాత్రి గిరుక్కున వెనక్కి తిరిగి "షీ ఈజ్ మై మామ్" అంది. ఆవిడ చెయ్యి దించేసింది. విమానం వాంకూవర్‌లో దిగేదాకా నా పిల్ల చెయ్యి వదల్లేదు నేను.

ఫంక్షన్ ఒక పంజాబీవాళ్ళ బాంక్వెట్ హాల్లో. గుమ్మంలో ఆడపిల్లలిద్దరి నిలువెత్తు బొమ్మలు అట్టమీద అంటించి నిలబెట్టారు. వర్షిణిని గుర్తుపట్టాను. రెండో అమ్మాయి వేసుకున్నది నా కూతురి లంగా, పళ్ళకున్నవి నా కూతురి క్లిప్పులు. ముఖం మాత్రం ఎవరిదో. గోధుమపిండి రంగు. రింగులు తిరిగే జుట్టు కూడా నున్నగా దువ్వినట్టు చేసేశారు.

"కొంచెం బ్రైట్ చేయించానక్కా. వర్షిణికీ చేశారు. పక్కపక్కన ఉంటే పిల్ల చిన్నబోకూడదని నేనే చెప్పా," అంది దమయంతి. నా భుజం మీద పమిట సర్దుతూ అంది. నా చీర కట్టింది కూడా తనే, పొద్దున్నే లేచి, పిన్నులన్నీ తన నోట్లో పెట్టుకుని. అలాంటి మనిషిని గుమ్మంలో నిలబెట్టి ఏమనాలి? ధాత్రి అప్పటికే ఆ బొమ్మ పక్కన చేరి, అదే నవ్వు నవ్వుతూ సెల్ఫీలు తీసుకుంటోంది.

పిల్లలిద్దర్నీ పీటల మీద కూర్చోబెట్టారు. కోదండరామ్ వెండి పళ్ళెంలో ఓణీ పట్టుకుని ధాత్రి ముందుకొచ్చాడు. పంతులుగారు మైకులో, ఈ అమ్మాయి మేనమామ దివంగతులైన లెనక్స్ గారి ఆశీస్సులతో అన్నారు. స్క్రీన్ వెలిగింది. హాలు హాలంతా చప్పట్లు కొట్టింది.

టోపీ అదే, గౌను అదే. లోపలున్నవాడు నా తమ్ముడు కాడు. చర్మం పాలమీగడ రంగులోకి వచ్చేసింది, పెదవులు పలచబడ్డాయి, ముక్కు సన్నబడింది. నా వెనక కుర్చీలో ఒకావిడ పక్కావిడతో మెల్లిగా అంది:

"బానే ఉన్నాడే! అచ్చం మనవాళ్ళ కుర్రాడిలా ఉన్నాడు."

నేనెప్పుడు లేచానో తెలియదు. తారక్ లాప్‌టాప్ పెట్టుకున్న బల్ల దగ్గర ఉన్నాను.

"తీసెయ్."

"మేడమ్, లైవ్ పోతోంది..."

"తీసెయ్ అంటున్నానా!"

కేబుల్ నేనే లాగేశాను. స్క్రీన్ నీలంగా అయిపోయింది. తారక్ బిత్తరపోయాడు. పాపం, చదువుకుంటూ వారాంతాల్లో ఈ పని చేసుకునే కుర్రాడు.

"ఏమైంది మేడమ్? ఓల్డ్ ఫోటో కదా, డార్క్‌గా ఉండె. విజయవాడలో మా ఎడిటర్లకు పంపిన. వాళ్ళు అన్నిటికీ ఒకటే సెట్టింగ్ వేస్తరు మేడమ్. ఖరాబ్ చెయ్యలే, మంచిగ చేసిన్రు."

"డార్క్‌గా ఉన్నది ఫోటో కాదు. మా తమ్ముడు."

చక్రధర్ పరుగున వచ్చాడు. "జో, ప్లీజ్. అందరూ చూస్తున్నారు. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"అందరూ చూడాలనే కదా వాణ్ణి తెచ్చుకుంది!" అన్నాను. గొంతు పెంచకూడదన్న అమ్మ మాట గాలికి పోయింది. వేదిక మీద ధాత్రి తల వంచుకుని, గాజులు పైకీ కిందకీ తోసుకుంటోంది. కోదండరామ్ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను వెళ్ళి కూర్చున్నాక ఖాళీ స్క్రీన్ ముందు ఓణీ పెట్టారు.

ఆ సాయంత్రం అత్తగారు నన్ను తన గదిలోకి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. "నా పెళ్ళి ఫోటోలో స్టూడియో వాడు నన్ను కూడా తెల్లగా దిద్దాడమ్మా. ముక్కుపుడక కూడా కనబడదు అందులో. మీ మామగారు చివరిదాకా ఆ ఫోటోనే జేబులో పెట్టుకు తిరిగారు."

"మీకేమనిపించేది?" అన్నాను.

"నాకా?" అన్నారు ఆవిడ. "నన్నెవరడిగారే?"

తిరుగు ప్రయాణంలో చక్రధర్, వాళ్ళు ప్రేమతోనే చేశారు జో అన్నాడు. తెలుసు. అదే నా ప్రాణం తోడేస్తోంది. పేపరువాళ్ళు మా వాణ్ణి మనిషిగా చూడలేదు, వాళ్ళని కడుపారా తిట్టుకున్నాను. వీళ్ళు వాణ్ణి మనిషిగా చూడడం కోసమే వాడి రంగు తీసేశారు. పిన్నులు నోట్లో పెట్టుకుని నాకు చీర కట్టిన మనిషిని నేను ఎలా తిట్టుకోను? ధాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీ వైపు తిరిగి పడుకుంది. నేను చెయ్యి పట్టుకోబోతే, నిద్రలో లాక్కున్నట్టు లాక్కుంది.

తారక్ పంపిన వీడియోలో లెనక్స్ లేనే లేడు. మీకు ఇబ్బందని ఆ పార్ట్ మొత్తం తీసేశాను మేడమ్ అని మెసేజ్ పెట్టాడు. పంతులుగారు అన్న మాట కూడా కోసేశాడు. ఓణీ పెట్టింది కోదండరామ్, చప్పట్లు కోదండరామ్‌కే. పోనీలే, అసలు ఫోటో నా దగ్గరుంది కదా అనుకుని, పెద్దగా ప్రింట్ వేయించి హాల్లో తగిలించాను. ధాత్రి దాని ముందునుంచే స్కూలుకి వెళ్ళొచ్చేది. తన ఫోన్‌లో ప్రొఫైల్ ఫోటో మాత్రం మార్చేసింది. ఆ గుమ్మంలోని అమ్మాయిని పెట్టుకుంది.

నేను ఊరుకోలేదు. పక్కన కూర్చోబెట్టుకుని లెనక్స్ కథంతా మళ్ళీ చెప్పాను, అమ్మమ్మ ఫోన్ల సంగతి చెప్పాను, నీ ముఖం నీది, దాన్ని దిద్దే హక్కు ఎవరికీ లేదని చెప్పాను. అన్నీ వింది. "ఐ నో, మామ్" అంది. కోప్పడలేదు, ఎదురు చెప్పలేదు. ఆ నెమ్మది చూసి నాకు భయమేసింది.

మే నెలలో మదర్స్ డే నాడు పొద్దున్నే తనే టీ పెట్టి తెచ్చింది. వెనకాలే ఒక ఫ్రేమ్, రంగు కాగితం చుట్టినది. విప్పమని గంతులేసింది. చాలా రోజుల తర్వాత పిల్ల నా మంచం మీదకెక్కి కూర్చుంది. ప్రాణం లేచొచ్చింది. నవ్వుతూనే కాగితం విప్పాను.

ఫంక్షన్ రోజు హాల్లో ముగ్గురం దిగిన ఫోటో. చక్రధర్ ఉన్నాడు. గుమ్మంలోని అమ్మాయి ఉంది. మధ్యలో నా ఆకుపచ్చ చీర కట్టుకుని, దమయంతి రంగులో ఒక ఆడమనిషి నిలబడి ఉంది.

"తారక్ అంకుల్‌కి మెసేజ్ పెట్టి చేయించా," అంటూ ధాత్రి ఇంగ్లిష్‌లో గబగబా చెప్పుకుపోయింది. "లెనక్స్ మామయ్యకీ నాకూ చేసి నిన్నొక్కదాన్నే వదిలేశారు కదా, అందుకే ఆ రోజు నీకంత కోపం వచ్చింది. నాకప్పుడు అర్థం కాలేదు మామ్, సారీ. ఇప్పుడు చూడు, నిన్ను కూడా చేశారు."

గుమ్మంలో నిలబడి చూస్తున్న చక్రధర్ ముఖం పాలిపోయింది. ఏదో అనబోయాడు. వద్దని చెయ్యి ఊపాను. ఏడిస్తే పిల్ల బెదిరిపోతుందని ఏడవలేదు.

"ఇందులో అమ్మ ఎక్కడుందే?" అన్నాను.

వేళాకోళం ఆడుతున్నాననుకుని కిలకిలా నవ్వింది. ఫ్రేమ్ అద్దం మీద వేలు పెట్టి చూపించింది, ఏమాత్రం తడుముకోకుండా.